చెత్తబుట్ట: గృహస్థుని ఆరవ సూన



ఉపనిషదర్థములను, వ్రతవిధులను, ఆలయాచారములను గురించి వ్రాయుట నాకు అలవాటు. నేడు చెత్తను గురించి వ్రాయుచున్నాను. అర్చకునకు ఇంతకన్న విషయము దొరకలేదా అని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను సరే, చివరివరకు చదువవలెనని నా ప్రార్థన. ఈ విషయమును నాకు మొదట చెప్పినది శాస్త్రము కాదు, ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలిక. ఆమె చెప్పిన తరువాతనే శాస్త్రము నాకు మరల కనబడినది.

మాది కోనసీమలో కాలువగట్టున ఉన్న చిన్న శివాలయము. గత కార్తికమాసములో ఒక సోమవారము, తెల్లవారుజామున మూడు గంటలకు మొదలైన అభిషేకములు మధ్యాహ్నము దాటిన పిదప ముగిసినవి. గర్భాలయమును కడిగి, అలంకారము పూర్తిచేసి, ఇరువదియెనిమిది ఏండ్లుగా చేయుచున్న పనినే ఆనాడును చేయుచున్నాను. బిల్వదళములు, బంతిపూలు, తమలపాకులు, కొబ్బరిపీచు, వాడిన దండలు, వాటితోపాటు పాలపాకెట్లు, కర్పూరపు కవర్లు, పసుపుకుంకుమల పొట్లములు, అగరువత్తుల డబ్బాలు, సమస్తమును ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలోనికి ఎత్తి, మూతి బిగించి, కాలువలో వదలిరమ్మని సహాయకునికి ఇచ్చుటయే ఆ పని.

మా దౌహిత్రి మా యింటనే ఉండి ఊరి ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్నది. వారి సైన్సు ఉపాధ్యాయిని పిల్లలకొక పని ఒప్పగించినారట. ఒక వారము పాటు తమ యింటినుండి బయటికి పోవు ప్రతి వస్తువును నోటుపుస్తకములో వ్రాయవలెను. అది మట్టిలో కలియునదా, మరల ఉపయోగపడునదా, ముట్టుకొన్నవారికి హాని చేయునదా అని ప్రక్కన గుర్తు పెట్టవలెను. ఇంటి లెక్కను రెండు దినములలో అలవాటు చేసికొని, "గుడి కూడా మనిల్లే కదా" అని ఆ పిల్ల ఆలయమునకు వచ్చి, నంది ప్రక్కన అరుగుమీద కూర్చున్నది. పాలపాకెట్లకు నిలువుగీతలు గీయగా పుట నిండిపోయినది. నేను సంచి మూతి ముడివేయుచుండగా అడిగినది:

"తాతయ్యా, పాలపాకెట్టు కూడా స్వామివారి నిర్మాల్యమేనా?"

నాకు కోపము వచ్చినది. పెద్దల పనిలో పిల్లలకేమి పని, పోయి చదువుకొమ్మని కసరినాను. ఆ పిల్ల మాటాడక పుస్తకము మూసికొని వెళ్ళిపోయినది. ఆ సాయంకాలము ప్రదోషపూజలో నా మంత్రములన్నియు సక్రమముగానే నడచినవి, మనస్సు మాత్రము నడువలేదు.

రాత్రి నిద్రపట్టక పడుకొని ఉండగా కఠోపనిషత్తు ఆరంభము జ్ఞప్తికి వచ్చినది. దానిని నేను ఎన్నిమార్లు పురాణకాలక్షేపములో చెప్పియుంటినో లెక్కలేదు. వాజశ్రవసుడు యజ్ఞము చేసి సర్వస్వమును దానమిచ్చుచున్నాడు. ఆయన ఇచ్చుచున్న గోవులు ఇక నీరు త్రాగలేనివి, మేత మేయలేనివి, పాలు పిండుట ముగిసినవి, ఈనలేనివి. వానిని చూచి బాలుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. తనకు పనికిరానిదానిని వదలించుకొనుచు దానికి దానమని పేరు పెట్టుటను కుమారుడు చూచినాడు, అడిగినాడు. తండ్రికి కోపము వచ్చినది. మిగిలిన కథ మీకు తెలిసినదే. ఇన్నేండ్లుగా నచికేతుని పక్షమున నిలుచుండి ఈ కథ చెప్పిన నేను, ఆ మధ్యాహ్నము ఆలయములో ఎవరి స్థానమున నిలుచుంటినో అప్పుడు తెలిసినది. పనికిరానిదానిని సంచిలో కట్టి, నిమజ్జనమని పేరు పెట్టి, కాలువకు దానము చేయుచున్నాను.

పూర్వము మా తండ్రిగారు చేసినదియు ఇదే కదా అని ఆ రాత్రి నాకు నేనే వాదించుకొన్నాను. నిజమే, ఆయన కూడ నిర్మాల్యమును నీటిలోనే వదలెడివారు. కాని ఆయన తాటాకుబుట్టలో తీసికొనిపోయి, పూలను నీటిలో గుమ్మరించి, ఖాళీబుట్టను వెనుకకు తెచ్చెడివారు. దండలు అరటినారతో కట్టినవి. పాలు చెంబులతో వచ్చెడివి. కుంకుమ కాగితపు పొట్లములోనో, భరిణలోనో వచ్చెడిది. కార్తికదీపములు అరటిదొప్పలలో తేలెడివి. ఆ బుట్టలో చేపలకో, మట్టికో ఆహారము కానిది ఏదియు లేదు. ఆచారము మారలేదు, ద్రవ్యము మారినది. ద్రవ్యము మారినప్పుడు విధి మారవలెనని మా గురువుగారు వేదపాఠశాలలో పదేపదే చెప్పినదే. నేడు దండలోని దారము సయితము నైలానుదే. దొప్పకు మారుగా థర్మోకోలు వచ్చినది. మేము మాత్రము ఆ పాత పేరుతో ఈ క్రొత్త పదార్థమును కాలువలో వేయుచున్నాము.

గోదావరి డెల్టావాసులకు ఒక ప్రత్యేకమైన దర్పణము కలదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి ఈ కాలువలే మాకు ప్రాణము. పంటకు ఆ నీరే, ఎన్నో ఊళ్ళ మంచినీటి చెరువులు నింపుటకు ఆ నీరే, మా స్వామి అభిషేకమునకు బిందెలతో తెచ్చునదియు ఆ నీరే. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. నీరు దిగిపోగానే అడుగు బయటపడును. మేము ఏడాది పొడుగునా ఏమేమి వదలితిమో అదంతయు అచ్చట కనబడును. ఆ వేసవిలో లాకుల దగ్గరకు వెళ్ళి చూచినాను. ఎండిన గుర్రపుడెక్క నడుమ మూతి బిగించిన సంచులు చిక్కుకొని ఉన్నవి. ఒక సంచి చినిగి అందులోనుండి మా ఆలయములోనే కట్టిన తోరణపు ముక్క బయటికి వ్రేలాడుచున్నది. దారము కుళ్ళలేదు. పూలు లోపల గాలి ఆడక నల్లని బురదయై ఉన్నవి. ఏ పుష్పమును స్వామి శిరస్సున ఉంచితినో దానికి ఆ గతి పట్టించినది కాలువ కాదు, నేను.

ఇప్పుడు శాస్త్రమునకు వత్తము. గృహస్థుని యింట అయిదు సూనలు కలవని ధర్మశాస్త్రము చెప్పును. సూన యనగా వధస్థానము. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అను ఈ అయిదు చోట్ల గృహస్థుడు తెలియకయే ప్రతిదినము ప్రాణులను హింసించుచున్నాడు. వీనిని విడిచి బ్రదుకుట అసాధ్యము. కావున ఈ దోషమునకు నిష్కృతిగా పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వానిలో ఒకటి భూతయజ్ఞము. వండిన అన్నములో కొంత కాకులకు, శునకములకు, చీమలకు, ఆకలిగొన్నవారికి నేలమీద మెల్లగా ఉంచవలెను. మెల్లగా అనుట ముఖ్యము, విసరివేయుట కాదు. తిను ప్రాణికి ధూళి అంటకుండునట్లు పెట్టుమని విధి.

ఈ ప్రకరణములో చీపురు ఉన్నందుకు నేను చిన్ననాడు ఆశ్చర్యపడెడివాడను. పొయ్యి, రోలు సరే, చీపురు ఏమి చంపును? చీమలను చంపునని గురువుగారు చెప్పినారు. అంత సూక్ష్మమైన హింసను లెక్కకట్టిన ఋషులు నేటి వంటయింటిని చూచినచో ఆరవ సూనగా దేనిని చెప్పియుందురు? చెత్తబుట్టనే యని నా దృఢవిశ్వాసము. మిగిలిన పప్పన్నమును ప్లాస్టిక్ కవరులో పోసి, ముడివేసి, వీథి మలుపులో విసరుచున్నాము. ఆవు వచ్చును. దానికి ముడి విప్పుట రాదు, అన్నపు వాసన మాత్రము తెలియును. కవరుతో సహా మ్రింగును. వీథిపశువుల పొట్టలనుండి పశువైద్యులు పదులకొలది కిలోల ప్లాస్టిక్ తీసిన వార్తలను మనము చదివియే ఉన్నాము. ఉదయము గోపూజ చేసి, మధ్యాహ్నము అదే గోవునకు ఈ నైవేద్యము పెట్టుచున్నాము. పూర్వులు హింసకు నిష్కృతిగా అన్నమును బయట పెట్టినారు. మనము బయట పెట్టు అన్నమే హింసయైనది. ఆ రెండింటికిని భేదము ఒక్క కవరు.

ఆ కవరును అన్నమునుండి వేరుచేయుటనే పాఠశాలలో పిల్లలకు తడిచెత్త, పొడిచెత్త అని నేర్పుచున్నారు. ఇందు విదేశీయమైనది గాని, కేవలము ప్రభుత్వకార్యక్రమము గాని ఏమియు లేదు. వివేకశబ్దములోని 'విచ్' ధాతువునకు వేరుచేయుట యనియే అర్థము. సాధనచతుష్టయములో మొదటిది నిత్యానిత్యవస్తువివేకము. దానిపై నేను గంటలకొలది ప్రసంగించినాను. అరటితొక్కను పాలకవరునుండి వేరుచేయు వివేకము మాత్రము అంతవరకు నాకు కలుగలేదు.

స్మృతులలో ద్రవ్యశుద్ధి యను ప్రకరణము ఒకటి కలదు. రాగిపాత్రకు పులుపు, కంచుపాత్రకు బూడిద, ఇట్లు ఏ ద్రవ్యమునకు ఏది శుద్ధియో వేరువేరుగా చెప్పబడినది. దాని మూలసూత్రము సరళమైనది: ప్రతి ద్రవ్యమునకు తనదైన శుద్ధిమార్గము కలదు. అరటితొక్కకు శుద్ధి మట్టి. కాగితమునకు, గాజుకు, ఇనుమునకు శుద్ధి మరల కరగి క్రొత్తరూపు పొందుట. దేనికదిగా ఉన్నప్పుడు వీనిలో ఏదియు అశుచి కాదు. తొక్కయు, కాగితమును, గాజుపెంకును ఒకే సంచిలో మూడు దినములు మగ్గినప్పుడు కాగితము పనికిరాదు, తొక్క ఎరువు కాదు, గాజు ఆయుధమగును. అశౌచము వస్తువులో లేదు, మన కలపుటలో ఉన్నది.

ఆయుధమని ఊరక అనలేదు. పగిలిన దేవుని పటములను ఆలయములోని రావిచెట్టు మొదట వదలిపోవుట మన వారికి అలవాటు. ఇంట ఉంచరాదు, పారవేయరాదు; కనుక గుడిలో పెట్టిన పాపము పోవునని భావము. ఒకనాడు అట్టి పటముల గాజుపెంకులను మేము పూలతోపాటే సంచిలో వేసినాము. ఆనాడు ఆ సంచి కాలువకు పోలేదు, పంచాయతీ బండికి పోయినది. దానిని ఎత్తిన పారిశుద్ధ్యకార్మికురాలి అరచేయి లోతుగా తెగినది. కుట్లు పడినవి. పది దినములు ఆమె పనికి రాలేదు. పని లేని దినములకు ఆమె యింట ఏమి జరిగినదో నేను ఆనాడు అడుగలేదు.

నేను మడి కట్టుకొని, ఎవరిని తాకక గర్భాలయములోనికి పోవుదును. నా మడిని నిలుపుటకై ఆమె నా చెత్తను వట్టిచేతులతో కెలకుచున్నది. తరతరాలుగా మన సమాజము శౌచమును తన చేతిలో పట్టుకొని, అశౌచమును కొన్ని కులముల నెత్తిన పెట్టి, ఆపై వారినే దూరముగా నిలుపినది. ఇది మన సంప్రదాయముపై పడిన మచ్చ. దానిని సమర్థించు శక్తి నాకు లేదు, ఇచ్ఛయు లేదు. పతంజలి చెప్పిన నియమములలో మొదటిది శౌచము. అంతకుముందే యమములలో మొదటిది అహింస. ఆ క్రమమును తలక్రిందులు చేసిన శౌచము శౌచమే కాదని నేను ఇప్పుడు నమ్ముచున్నాను. గాజుపెంకును మందమైన కాగితములో చుట్టి వేరుగా ఇచ్చుట, వాడిన సూదిని, బ్లేడును డబ్బాలో వేసి ఇచ్చుట, చంటిబిడ్డల డైపర్లు, స్త్రీలు వాడు ప్యాడ్లు వార్తాపత్రికలో చుట్టి, పైన ఎర్రని గుర్తు వేసి వేరుగా ఉంచుట: ఈ పనులు ఎంత చిన్నవైనను అహింసలోని భాగములే. చివరి విషయమును ఎట్లు వ్రాయుదునా అని జంకినాను. మా దౌహిత్రి తన ఉపాధ్యాయిని తరగతిలో చెప్పినట్లే, ఏ జంకు లేకుండ ఇంట చెప్పినది. కనుక నేనును వ్రాసినాను.

ఆ పిల్లను వెంటబెట్టుకొని ఒక దినము వారి పాఠశాలకు వెళ్ళినాను. మధ్యాహ్నభోజనసమయము. మా రాష్ట్రమున ఆ పథకమునకు 2024 నుండి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. పందొమ్మిదవ శతాబ్దమున మా కోనసీమలోనే, లంకల గన్నవరములో, వేళగాని వేళ వచ్చిన అతిథికి సయితము వండిపెట్టిన మహాతల్లి ఆమె. ఆమె పేరు గల అన్నము పళ్ళెములలో మిగిలి, వేరుసెనగ చిక్కీ కాగితములతో కలిసి, గోడవెనుక పడియుండెడిదట. ఇప్పుడు చేతులు కడుగు చోట మూడు డబ్బాలు పెట్టినారు. అన్నము, కూర, గ్రుడ్డుపెంకులు ఒకదానిలో. చిక్కీ కాగితములు, పెన్ను రీఫిళ్ళు వేరొకదానిలో. చిన్నతరగతుల పిల్లలు తడబడినప్పుడు ప్రక్కన నిలుచున్న పెద్దపిల్లలు తిట్టరు, ఊరక సరియైన డబ్బాను చూపుదురు. పాఠశాల వెనుక మూడడుగుల గుంట త్రవ్వినారు. తడిచెత్త ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, పైన పలుచగా మట్టి, పేడనీళ్ళు. వారమునకొకసారి తిరుగవేయుదురు. వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని అర్థమట, ఎండుటాకులు వేయవలెను. రెండు మూడు నెలలకు నల్లని ఎరువగును. చేతిలోనికి తీసికొని చూచినాను. వాన పడిన తరువాత నేల వాసన తప్ప మరేమియు లేదు.

నాకు బాగా నచ్చినది వేరొకటి. అక్కడ ఎన్ని డబ్బాలు నిండినవని ఎవరును అడుగుట లేదు. పళ్ళెములో ఎంత మిగులుచున్నదని చూచుచున్నారు. తినగలిగినంతయే పెట్టించుకొనుట మొదటి పాఠము, మిగిలినదానిని వేరుచేయుట రెండవది. తైత్తిరీయములోని భృగువల్లి అన్నమును నిందింపరాదు, వదలిపెట్టరాదు, వృద్ధి చేయవలెనని వ్రతములుగా విధించినది. అక్కడి పిల్లలలో ఆ వల్లిని చదివినవారు ఉండరు. ఆచరించువారు ఉన్నారు.

ఇక్కడ నా అభిప్రాయమును కొంత కటువుగానే చెప్పుదును. ఇట్టి పనిని పోటీలుగాను, బహుమతులుగాను, బ్యానర్లముందు ఛాయాచిత్రములుగాను మార్చుట నాకు సమ్మతము కాదు. నెలకొక శనివారము చీపురు పట్టుకొనుట మంచిదే. కాని సంధ్యావందనమును నెలకొకసారి చేసినవానిని ఎవరైనను అనుష్ఠానపరుడందురా? ఇది నిత్యకర్మ కావలెను. నిత్యకర్మకు ఫలము చెప్పబడలేదు, చేయకున్న ప్రత్యవాయము చెప్పబడినది. పిల్లలకు పతకములిచ్చి చేయించినచో పతకము ఆగిన దినమున పనియు ఆగును. అట్లే పిల్లలను ఇంటిలో పోలీసులుగా నియమించుటయు తగదు. అమ్మ తప్పుచేసినది, నాన్న తప్పుచేసినాడు అని జాబితా వ్రాసి బడిలో చదివించినచో పిల్లకు గర్వమును, తల్లికి అవమానమును మిగులును. మా పిల్ల నన్ను అడిగినది ప్రశ్నయే గాని ఆరోపణ కాదు. అందుచేతనే అది లోపలికి దిగినది. శీక్షావల్లిలో ఆచార్యుడు శిష్యుని పంపుచు, మాలోని మంచి నడవడినే నీవు అనుసరింపుము, తక్కినదానిని కాదు అని చెప్పును. పెద్దల తప్పును అనుసరింపకుండు స్వాతంత్ర్యమును గురువే స్వయముగా ఇచ్చినాడు. దానిని పిల్లలు వినయముతో వినియోగించుకొన్నప్పుడు వినవలసిన భారము మనది.

మా యింట ఇది సులువుగా జరిగినదని అనుకొనవలదు. నా సహధర్మచారిణికి మడివంటయింటిలో రెండవ బుట్ట ప్రవేశించుట ససేమిరా ఇష్టము లేదు. "ఎంగిలిబుట్ట ఒకటి చాలదా, దానికొక చెల్లెలు కూడానా?" అన్నది. మనుమరాలు వాదించలేదు. పెరటిలో పగిలిన నీళ్ళకుండ ఒకటి ఉన్నది. దానికి ప్రక్కల రంధ్రములు చేయించి, అడుగున కొబ్బరిపీచు పరచి, కరివేపచెట్టు ప్రక్కన పెట్టినది. "అమ్మమ్మా, కూరగాయల తొక్కలు మీరు ఎలాగూ పెరట్లోకే తెస్తారుగా, ఇందులో వేయండి చాలు" అన్నది. తడి పెరటిలోనే ఆగిపోయినందున వంటయింటిలోని పాతబుట్టయే పొడిబుట్టయైనది. క్రొత్తగా ఏ బుట్టయు ప్రవేశించలేదు. ఇప్పుడు మా యావిడయే ప్రక్కింటివారికి చెప్పుచున్నది, పాలపాకెట్టు మూల పూర్తిగా కత్తిరించవద్దని. ఆ చిన్న ముక్క ఎక్కడ పడునో దొరకదు కనుక. కడిగి ఆరవేసిన పాకెట్లను పాతసామానువాడు తీసికొనుచున్నాడు.

కాని ఒకనాడు ఆ పిల్ల ఏడ్చుచు వచ్చినది. తాను వేరుచేసి ఇచ్చిన రెండింటిని బండివద్ద ఒకే గుట్టగా గుమ్మరించినారట. "అంతా కలిపేస్తుంటే ఇక ఎందుకు తాతయ్యా?" ఈ ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము దొరకలేదు. నిష్కామకర్మ యని చెప్పి ఓదార్చవచ్చును, కాని అది ఆ సమయమున కపటమగును. పెద్దలు చేయవలసిన పనిని చేయక, పిల్లలకు గీత చెప్పుట అన్యాయము. ఇంటివారు చెత్తను మూడు విధములుగా వేరుచేసి ఇయ్యవలెనని, వీథిలో, మురుగుకాలువలో, జలాశయములలో వేయరాదని, బహిరంగముగా కాల్చరాదని కేంద్రప్రభుత్వపు నియమములు 2016లోనే చెప్పినవి. వేరుచేసి ఇచ్చినదానిని వేరుగానే తీసికొనిపోవుట స్థానికసంస్థల విధి. గృహస్థు తన ధర్మము చేసి, సంస్థ తన ధర్మము చేయనిచో, విరుగునది చెత్త వ్యవస్థ ఒక్కటియే కాదు. పండ్రెండేండ్ల పిల్ల శ్రద్ధ విరుగును. అది మరల అతుకుట కష్టము.

కావున నేను, ఇద్దరు ఉపాధ్యాయులు, ముగ్గురు తల్లులు కలిసి వెళ్ళి మాటాడినాము. బండిలో నడుమ అడ్డుపలక విరిగి ఆరు మాసములైనదని తెలిసినది. కార్మికులను తప్పుపట్టుటకు పోయినవారము సిగ్గుపడి, పలక వేయించుటకు చందా వేసికొన్నాము. ఇప్పుడు చాలా దినములు వేరుగానే పోవుచున్నది. కొన్ని దినములు, ముఖ్యముగా పండుగల మరునాడు, మరల కలిసిపోవుచున్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాను.

పండుగయనగా భోగి గుర్తుకు వచ్చినది. పాతసామాను అగ్నికి ఇచ్చుట మంచి ఆచారము. కాని పాతసామాను అనగా నాడు ఎండుకట్టె, తాటాకు, విరిగిన పీట, పిడకలు. నేడు అదే మంటలో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయుచున్నారు. అగ్ని దేవతలకు ముఖమని నమ్ముచు ఆ ముఖములో టైరు పెట్టు సాహసము ఏ రాక్షసుడును చేయలేదు. ఆ నల్లని పొగను మొదట పీల్చునది మంటచుట్టు నిలిచిన పిల్లలే. ఈ సంవత్సరము మా వీథి పిల్లలు భోగికి ముందే ఇంటింటికి తిరిగి కట్టె, పిడకలు మాత్రమే అడిగినారు. టైరు ఇవ్వబోయిన ఒక పెద్దాయనకు నమస్కారము చేసి, తిరిగి ఆయన అరుగుమీదనే పెట్టి వచ్చినారు.

ఆలయవిషయము చెప్పకుండ ముగింపరాదు. నిర్మాల్యమును ఎరువు చేయుదమని నేను ప్రతిపాదింపగానే కొందరు భక్తులు మండిపడినారు. స్వామి ధరించినదానిని కూరగాయల తొక్కలతో కుళ్ళబెట్టుదురా? ఎవరో దానిని త్రొక్కరా? వారి ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. శైవసంప్రదాయమున నిర్మాల్యము చండీశ్వరుని భాగము. అందుచేతనే మనము ఆయన సన్నిధిలో చప్పట్లు చరచి, స్వామి సొమ్ము ఏదియు తీసికొనిపోవుట లేదని చూపుదుము. త్రొక్కరాదు, దాటరాదు అను నియమమును నేనును పాటించువాడనే. అయితే లాకుల వద్ద చూచినదానికన్న పెద్ద త్రొక్కుడు ఏమున్నదని వారిని అడిగినాను. ఆలయప్రాకారములోనే, ఈశాన్యమున, ఎవరును నడువని చోట, బిల్వవృక్షము ప్రక్కన నాలుగు వైపుల గట్టు కట్టి గుంట త్రవ్వించినాము. అందు నిర్మాల్యపుష్పపత్రములు తప్ప వేరొకటి పడదు. వచ్చిన ఎరువును అమ్మము, బయటికి ఇయ్యము. ఆలయములోని నందివర్ధనములకు, గన్నేరులకు మాత్రమే వేయుదుము. స్వామి పూవు మట్టియై, మరల పూవై స్వామి వద్దకే వచ్చుచున్నది. తిరుమలలో 2021 నుండి వాడిన పుష్పములతో అగరువత్తులు చేయించుచున్నారు. పెద్ద క్షేత్రములు పెద్దదారి చూచుకొనును, మాకు ఈ గుంట చాలును.

ఒకరిద్దరు ఇప్పటికిని సమాధానపడలేదు. వారి యింటి పూజాపుష్పములను వారు కాలువలోనే వదలుచున్నారు. ఒక్కటి మాత్రము మారినది: పూలను గుమ్మరించి, సంచిని వెనుకకు తీసికొనిపోవుచున్నారు. మా తండ్రిగారి కాలమునకు వచ్చినారని సంతోషించినాను.

దండలనుండి నైలానుదారము లాగివేయు పని శనివారములు బడిపిల్లలు వచ్చి చేయుచున్నారు. పూలవర్తకునికి అరటినారతో కట్టుమని చెప్పినాను. నార కట్టువారు దొరకుట లేదని, దొరికినను దండకు ఎక్కువ ధర చెప్పవలెనని ఆయన అన్నాడు. నిత్యపూజకు రెండు దండలు మాత్రము నారవి ఒప్పుకొన్నాడు.

ఇంకను తెగని ప్రశ్న ఒకటి కలదు. కుంకుమ, విభూతి, అగరువత్తులు వచ్చు ఆ తళతళలాడు పొట్లములను పాతసామానువాడు తీసికొనడు; లోపల వెండిరేకు వంటిది, పైన ప్లాస్టిక్, రెండును విడదీయరాకుండ అంటియుండును. మట్టిలో కలియదు, కరగి మరొకటి కాదు, కాల్చుటకు నా చేయి రాదు. "ఇది ఎందులో వేయాలి తాతయ్యా?" అని మా దౌహిత్రి అడిగినది. పెద్ద సమాధానము నాకు తెలియదు. నేతినూనె వచ్చిన ఖాళీ డబ్బా ఒకటి ఇచ్చి, ప్రస్తుతమునకు ఇందులో వేయమన్నాను. డబ్బామీద ఆ పిల్ల చాక్‌పీసుతో ప్రశ్నార్థకము వ్రాసినది. ఈ కార్తికమునకు ముందే అది మూడువంతులు నిండినది. కుంకుమ విడిగా తూచి ఇచ్చు దుకాణము రాజోలువైపు ఒకటి ఉన్నదని విన్నాను. వచ్చే వారము స్టీలుడబ్బా పట్టుకొని పోయి చూతము.